పిచ్చిదని రాసిన అర్జీ

మహేశ్వరికి మతిస్థిమితం లేదని రాసింది నేనే. ఇంగ్లీషులో టైపు చేసి, కింద మా సంస్థ ముద్ర వేసి మరీ పంపాను. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం నాకు కొంచెం తేలిక.

నా పేరు రాజకుమారి. చిక్కడపల్లిలో, సెంట్రల్ లైబ్రరీకి దగ్గర్లోని ఒక సందులో, 'చేదోడు' అనే చిన్న సంస్థలో పన్నెండేళ్లు పనిచేశాను. గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లి అక్కడ చిక్కుకుపోయిన ఆడవాళ్లను వెనక్కి రప్పించడం మా పని. మొదటి అంతస్తులో ఒక గది, రెండు బల్లలు, ఒక కంప్యూటర్, అంతే. సంస్థ పెట్టింది శ్రీరామమూర్తి గారు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఉత్తరాలు రాసేది నేను, సంతకం పెట్టేది ఆయన.

2010 వేసవిలో ఎల్లవ్వ మా ఆఫీసుకు వచ్చింది. కామారెడ్డి అవతల పల్లె ఆమెది. కూతురు మహేశ్వరి భర్త కట్టడం పనిలో పైనుంచి పడి చనిపోతే, నాలుగేళ్ల పిల్లను తల్లి చేతిలో పెట్టి మహేశ్వరి గల్ఫ్ వెళ్లింది. రెండేళ్లు నెలకోసారి ఫోన్ చేసింది. తర్వాత ఫోన్ రావడం ఆగిపోయింది.

"ఏడాది దాటింది మేడం. బతికున్నదో లేదో తెల్వదు. నేను జేస్తే ఎవరో ఆడామె అరబ్బీల ఒర్రి పెట్టేస్తది," అంది ఎల్లవ్వ. మనిషి అప్పటికే రోగంతో చిక్కి ఉంది. మాట్లాడుతూ మధ్యమధ్య గోడకు ఆనుకుంటోంది.

"పిల్ల ఎక్కడుంది?" అని అడిగాను.

"హాస్టల్ల ఏసిన మేడం. మంచిగనే చూస్తున్నరు."

సరే అనుకుని రాసుకున్నాను. ఏ హాస్టల్, ఎవరు వేశారు, ఏం చెప్పి వేశారు అని అడగలేదు. నాకు కావలసింది మహేశ్వరి పాస్‌పోర్టు నంబరు. ఇలాంటి కేసులు రోజుకు రెండు వచ్చే రోజుల్లో ప్రశ్నలు కూడా ఒక అచ్చులో పోసినట్టు అయిపోతాయి.

ఆ దేశంలోని మన ఎంబసీకి మూడు అర్జీలు పంపాను. జవాబు లేదు. అక్కడ ఇలాంటి పనే చేసే ఒకామెను ఫోన్‌లో పట్టుకుంటే ఆమె ఉన్న మాట చెప్పింది: జీతం ఇవ్వడం లేదంటే ఎవరూ కదలరు, కొడుతున్నారంటే సాక్ష్యం అడుగుతారు, మనిషికి పిచ్చెక్కిందంటే మాత్రం యజమానులే తలుపు తీసి పంపేస్తారు. నాలుగో అర్జీ అలా రాశాను. తనలో తాను మాట్లాడుకుంటుందనీ, ఒంటిమీద స్పృహ ఉండదనీ, తనకూ చుట్టుపక్కల వాళ్లకూ ప్రమాదమనీ. కథ రాసినట్టే రాశాను.

శ్రీరామమూర్తి గారు చదివి కళ్లద్దాలు తీశారు. "అబద్ధం కదమ్మా ఇది?"

"మనిషి వస్తుంది సార్," అన్నాను.

ఆయన సంతకం పెట్టారు. నలభై రోజుల్లో మహేశ్వరి వచ్చేసింది.

అది 2011 జూలై. శంషాబాద్ విమానాశ్రయంలో ఎల్లవ్వా నేనూ నిలబడి ఉంటే, లోపలి నుంచి ఒక సన్నటి మనిషి చేతిలో ప్లాస్టిక్ కవరుతో బయటికి వచ్చింది. సూట్‌కేసు లేదు, చెప్పులు వేరేవాళ్లవి. ఇరవై ఎనిమిదేళ్లని మా ఫైల్లో ఉంది కానీ చూస్తే నలభై అనిపించింది. తల్లిని కావలించుకుంది. ఏడవలేదు. వెంటనే అడిగింది.

"అవ్వా, నా బిడ్డేది?"

ఎల్లవ్వ కూతురి చేతిలోని కవరు అందుకుని ముందు నడిచింది. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది.

*

ఆ హాస్టల్ బర్కత్‌పురలో ఉంది. 'పూలవనం' అనే బాలికల ఆశ్రమం. లోపలికి వెళ్తే శుభ్రమైన వరండా, వరసగా సర్దిన చెప్పుల జతలు, గోడ నిండా పిల్లలు వేసిన బొమ్మలు. నడిపేది ప్రభావతి గారు. ఆమెను చెడ్డమనిషిగా చెప్పడం నా వల్ల కాదు. అరవై మంది ఆడపిల్లలకు పూటపూటా తానే ముందు రుచి చూసి అన్నం పెట్టించే మనిషి. మేం వెళ్లేటప్పటికి ఎవరో పిల్ల తలలో పేలు చూస్తోంది.

"రేణుక వాళ్లమ్మను తీసుకొచ్చాం," అన్నాను.

ఆమె నన్నూ మహేశ్వరినీ మార్చి మార్చి చూసింది. లేచి వెళ్లి రిజిస్టర్ తెచ్చి ఒక పేజీ దగ్గర ఆగింది.

"మా రికార్డులో తండ్రి లేడు, తల్లి కూడా చనిపోయింది అని ఉంది. ఇదిగో, అమ్మమ్మ వేలిముద్ర."

అందరం ఎల్లవ్వ వైపు తిరిగాం. ఆమె అక్కడే నేలమీద కూలబడింది.

"తల్లి ఉంటె తీస్కోం అన్నరు బిడ్డా. తల్లీతండ్రీ లేనోళ్లకే అన్నరు. నాకు పానం బాగలేకుండె. పిల్లకు ఇంత బువ్వ వండిపెట్టెటందుకు లేవరాకుండె. నీ ఫోన్ లేదు, కబురు లేదు. ఏం జేయాలె నేను? వేలు వెట్టిన."

మహేశ్వరి తల్లిని ఒక్క మాట అనలేదు. "సరే అవ్వా, లే. ఇప్పుడొచ్చిన గద. నా బిడ్డను పిలుపియ్యుండ్రి మేడం," అంది.

ప్రభావతి గారు పిల్లను పిలిపించింది. రెండు జడలు, తెల్ల మేజోళ్లు, ఎనిమిదేళ్ల రేణుక వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. "గుడ్ మార్నింగ్ ఆంటీ," అని అందరికీ కలిపి చెప్పింది. మహేశ్వరి మోకాళ్ల మీద కూర్చుంది. పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది.

"మీరు ఎవరి కోసం వచ్చారు ఆంటీ?"

"నీ కోసమే బిడ్డా. నేను మీ అమ్మను."

రేణుక ప్రభావతి గారి వైపు చూసింది. లెక్క తప్పు చేశానా అని టీచర్ని చూసినట్టు. తర్వాత చాలా మర్యాదగా, "మా అమ్మ చనిపోయింది ఆంటీ," అంది.

మహేశ్వరి అప్పుడు ఏడ్చింది. గల్ఫ్‌లో నాలుగేళ్లు ఏం జరిగిందో ఆ తర్వాత నాకు చాలాసార్లు చెప్పింది, ఎప్పుడూ కన్ను తడవలేదు. ఆ రోజు మాత్రం ఆ వరండాలో అరవై జతల చెప్పుల మధ్య కూర్చుని గొంతు పోయేదాకా ఏడ్చింది. పిల్ల భయపడి లోపలికి పరిగెత్తింది.

*

పిల్లను ఇవ్వాలంటే బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు కావాలంది ప్రభావతి గారు. అది న్యాయమే. ఎవరో వచ్చి నేనే తల్లినంటే పిల్లను చేతిలో పెట్టి పంపలేరు కదా. అయితే బతికి ఎదురుగా నిలబడ్డ మనిషి, తాను బతికే ఉన్నానని కాగితాల మీద చూపించుకోవడం ఎంత కష్టమో నాకు ఆ అయిదు నెలల్లో తెలిసొచ్చింది.

మహేశ్వరి పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోయింది. ఆమె వచ్చింది అత్యవసర ప్రయాణ పత్రం మీద. అది ఆ ఒక్క ప్రయాణానికే చెల్లుతుంది. రేషన్ కార్డులో, ఊళ్లో లేదని ఆమె పేరు కొట్టేశారు. పిల్ల పుట్టినప్పుడు దవాఖానాలో ఇచ్చిన చీటీలో 'మహేశ్వరమ్మ' అని ఉంది, పెళ్లి పత్రికలో 'మయీశ్వరి', ఓటరు జాబితాలో 'ఈశ్వరి'. "నలుగురు తల్లులు దొరికారు, మాకు కావలసింది ఒక్కరు," అన్నాడు ఒక గుమాస్తా. నవ్వుతూనే అన్నాడు. నాకు చెయ్యి చేసుకోవాలనిపించింది.

ఉండడానికి చోటు, చేయడానికి పని ఉన్నాయని కూడా చూపించాలన్నారు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదువుకునే ఆడపిల్లల హాస్టల్ ఒకటి నాకు తెలుసు. అక్కడ వంటపనికి పెట్టించాను. వంటింటి పక్కన చిన్న గది ఇచ్చారు. మహేశ్వరి పొద్దున నాలుగింటికి లేచి నలభై మందికి ఉప్మా చేసేది. ఆ పిల్లలు పుస్తకాల మీద నుంచి తల ఎత్తకుండానే "అక్కా, జర చాయ్" అనేవాళ్లు. ఆమెకు వాళ్లంటే ఇష్టం. "నా బిడ్డ గూడ గిట్లనే సదువుతది," అనేది.

ఆదివారం ఒక గంట పిల్లను చూడనిచ్చేవారు. వరండాలో రెండు కుర్చీలు, కొంచెం దూరంలో ఒక ఆయా. రేణుక నోటుబుక్కు తెచ్చుకునేది. ఒకసారి విదేశంలో ఉన్న తన దాతకు రాసిన ఉత్తరం గడగడా చదివింది. అది 'డియర్ మదర్' అని మొదలైంది. మహేశ్వరికి ఇంగ్లీషు రాదు కానీ ఆ ఒక్క మాట వచ్చు. నా వైపు తిరిగి, "మంచిగ సదువుతున్నది గద మేడం," అంది.

కమిటీ ముందు మాకు సెప్టెంబరు మూడో వారంలో తేదీ దొరికింది. అప్పటికి సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులు లేవు. నేనూ నారాయణగూడ చౌరస్తాలో టెంటు కింద ఒక రోజు కూర్చున్నాను, నినాదాలు ఇచ్చాను. తెలంగాణ రావాలని నాకూ ఉంది. ఆ మర్నాడు మహేశ్వరిని వెంటబెట్టుకుని నడుచుకుంటూ వెళ్లి కమిటీ ఆఫీసు గేటుకు వేసిన తాళం చూస్తే, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అర్థం కాలేదు. అక్టోబరు చివర్లో సమ్మె ఆగింది. నవంబరులో మళ్లీ తేదీ ఇచ్చారు.

అప్పటికి పేర్ల తేడా గురించి తహసీల్దారు కాగితం సంపాదించాం. ఊరి సర్పంచి సంతకం, హాస్టల్ వాళ్ల ఉత్తరం అన్నీ ఫైల్లో సర్దాను. ఆ రోజు పని అయిపోతుందనే వెళ్లాను. మహేశ్వరి పిల్ల కోసం కొత్త గౌను కొని సంచిలో పెట్టుకుంది.

కమిటీ అధ్యక్షురాలు కాగితాలు చూసి తల ఊపింది. అప్పుడు ప్రభావతి గారు లేచింది.

"మేడం, ఈమె తల్లి కాదని నేను అనడం లేదు. ఈ కాగితం కూడా మీరు చూడాలి."

నా నాలుగో అర్జీ అది. జిరాక్సు. మా ముద్ర నేను కూర్చున్న చోటి నుంచే కనిపిస్తోంది.

ఎలా వచ్చిందంటే మహేశ్వరే ఇచ్చింది. ప్రయాణ పత్రంతో పాటు ఎంబసీ వాళ్లు ఆ అర్జీ నకలు కూడా కవర్లో పెట్టి పంపారు. పూలవనం వాళ్లు నువ్వు గల్ఫ్ నుంచి వచ్చినట్టు ఆధారం తెమ్మంటే, కవర్లో ఉన్న కాగితాలన్నీ ఇచ్చేసింది. దానిలో తన పేరూ బిడ్డ పేరూ ఉన్నాయని ఎవరో చెప్పారట. అందుకని అది బలమైన కాగితం అనుకుంది.

అధ్యక్షురాలు దాన్ని పైకి చదివింది. మొదట ఇంగ్లీషులో, తర్వాత మహేశ్వరికి అర్థం కావాలని తెలుగులో.

"చూడండి రాజకుమారి గారు," అంది ప్రభావతి, నా వైపు తిరిగి. "నాకు ఈమె మీద కోపమేం లేదు. కానీ మీ సంస్థే ఇలా రాసింది. పిల్లను ఎలా పంపమంటారు? రేపు ఏమైనా అయితే?"

మహేశ్వరి నా వైపు చూసింది. నేను నోరు తెరవలేదు. ఆ గదిలో, ఆ నిమిషాన, నిజం చెప్పాల్సిన మనిషిని నేనొక్కదాన్నే. చెప్పలేదు. సార్‌ను అడగాలి అనుకున్నాను, సంస్థ అనుకున్నాను. ఇంకా ఏవేవో అనుకున్నాను. కేసు రెండు వారాలకు వాయిదా పడింది.

*

చిక్కడపల్లికి తిరిగి వచ్చాం. ఆఫీసులో శ్రీరామమూర్తి గారికి నేను జరిగింది చెప్తుంటే మహేశ్వరి తలుపు దగ్గర నిలబడి వింది.

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "తేలికే కదమ్మా. డాక్టరుతో, జబ్బు ఉండేది, ఇప్పుడు పూర్తిగా నయమైంది అని రాయిద్దాం. నాకు తెలిసినాయన ఉన్నాడు. అర్జీ తప్పు కాకుండా ఉంటుంది, ఈమెకు పిల్ల దక్కుతుంది."

నాకు ప్రాణం లేచి వచ్చింది. నిజంగా తేలికే అనిపించింది.

"నాకు పిచ్చి ఎప్పుడున్నది సార్?" అంది మహేశ్వరి.

"లేదమ్మా, తెలుసు. కాగితం కోసం..."

"లేని పిచ్చి బాగైందని ఎట్ల రాస్తరు? నాలుగేండ్లు తాళం ఏసిన ఇంట్ల ఉన్న. పదిమంది బట్టలు ఉతికిన. నా బిడ్డ పుట్టిన దినం రోజూ యాది జేసుకుంట తెలివి తప్పకుంట ఉన్న. పిచ్చి లేవకుండ ఎంత తిప్పలవడ్డనో మీకెరుకనా? మీరు ఈడ కూసోని పిచ్చిదని రాసిండ్రు. మా అవ్వేమో సచ్చిపోయిందని వేలు వెట్టింది. అందరు నా మంచికే జేసిండ్రు."

"మహేశ్వరీ, అలా రాయకపోతే నువ్వు వచ్చేదానివి కాదు," అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

"ఎరుకనే మేడం. కాల్మొక్కుత. కానీ ఇంకోపాలి రాయకుండ్రి. రేపు నా బిడ్డ పెద్దగై ఆ కాగితం సదువదా? దానికి ఇంగ్లీషు వస్తది."

ఆమె వెళ్లిపోయింది. సాయంత్రం వంట టైమయింది.

నేను కమిటీ ముందు నిజం చెప్తానన్నాను. శ్రీరామమూర్తి గారు కోప్పడలేదు. అలమర తెరిచి ఒక ఫైలు తీసి నా ముందు పెట్టారు. అప్పటికి ఎంబసీ అధికారుల ముందు మావి ముప్పై ఒక్క అర్జీలు ఉన్నాయి.

"ఒకటి అబద్ధమని మన నోటితో చెప్తే మిగతావి ఎవరు నమ్ముతారు? వీళ్లలో నిజంగా జబ్బు పడ్డవాళ్లు ఉన్నారు. ఈ రమిజాబీ ఉంది. దుబ్బాక పిల్ల ఉంది, చెయ్యి విరిగింది. ఒక తల్లి కోసం వీళ్లందరినీ వదిలేస్తావా?"

ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఆ రెండు వారాలు రోజూ ప్రయత్నించాను. ఎవరో ఒకరికి అన్యాయం చేయకుండా నాకు అడుగు పడే దారి లేదు. అలాంటి చోటుకు నన్ను ఎవరూ తోయలేదు, నా అంతట నేనే నడిచి వెళ్లాను.

*

కమిటీ రెండోసారి కూర్చున్నప్పుడు నేను లేచి చెప్పాను. అర్జీలోని మాటలన్నీ నేను కల్పించినవే, ఆమెను చూసిన డాక్టరు ఎవరూ లేరు, ఆమె తెలివికి ఏ లోటూ లేదు. రాసి సంతకం పెట్టి ఇచ్చాను.

అధ్యక్షురాలు నన్ను గట్టిగానే అంది. "మీలాంటి వాళ్ల మీద నమ్మకంతోనే మేం సగం పనులు చేస్తాం. ఇప్పుడు మీరు చెప్పేదే అబద్ధం కాదని నాకేం తెలుసు?"

నిజం చెప్పగానే తలుపులు తెరుచుకుంటాయని ఏ మూలో ఆశపడ్డాను కాబోలు. అలా ఏం కాలేదు. ఒకసారి రికార్డులోకి వచ్చిన మాట కాబట్టి సర్కారు దవాఖానాలో పరీక్ష చేయించాల్సిందే అన్నారు. మహేశ్వరి నాలుగుసార్లు ఆ దవాఖానాకు తిరిగింది. అంకెలు వెనక నుంచి చెప్పమన్నారు, ఈ రోజు ఏ వారం అని అడిగారు, కోపం వస్తే ఏం చేస్తావన్నారు. "వంట జేస్త," అందట. డాక్టరు నవ్వి రాసిచ్చాడు.

డిసెంబరు చివర్లో ఉత్తర్వు వచ్చింది. పిల్లను మూడు నెలలు తల్లి దగ్గర ఉంచి చూస్తారు, నెలకోసారి ఎవరో ఒకరు వచ్చి విచారిస్తారు. తర్వాత పూర్తిగా అప్పగిస్తారు. ప్రభావతి గారు పిల్ల బట్టలు, పుస్తకాలు, పేలమందు సీసా అన్నీ పెట్టెలో సర్ది ఇచ్చింది. గేటు దగ్గర పిల్లను ముద్దు పెట్టుకుని మా ముఖాలు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

శ్రీరామమూర్తి గారు నన్ను కొన్నాళ్లు ఆఫీసుకు రావద్దన్నారు. నేనే మానేశాను. కమిటీకి నేనిచ్చిన కాగితం సంగతి ఎంబసీ దాకా వెళ్లి, మా అర్జీలన్నిటికీ ఇకనుంచి వైద్య పత్రాలు జతచేయాలని అక్కడి నుంచి లెటరు వచ్చిందని తర్వాత తెలిసింది. దుబ్బాక పిల్ల మార్చి దాకా రాలేదు. ఆమె చెయ్యి వంకరగా అతుక్కుందని విన్నాను. చూడ్డానికి వెళ్లే ధైర్యం చేయలేదు.

జనవరిలో ఒక ఆదివారం అశోక్‌నగర్ వెళ్లాను. వంటింటి పక్క గదిలో రేణుక మూతి ముడుచుకుని కూర్చుంది. మహేశ్వరి చేతిలో దువ్వెన.

"ఏమైంది?"

"ఏం లేదు మేడం. ఆడికి పోతదట. దోస్తులు యాదికొస్తున్నరట. పొద్దుగాల నుంచి ఒకటే పంచాయితి."

"అక్కడ ఆదివారం కేరమ్స్ ఆడతాం," అంది రేణుక. "ఇక్కడ ఎవరూ ఆడరు. అందరూ చదువుతారు."

మహేశ్వరి దువ్వెన కింద పెట్టింది. కోపం వచ్చిందని తెలుస్తోంది. ఈ పిల్ల కోసం తాను ఎక్కడెక్కడ నిలబడి ఎవరెవరిని బతిమాలిందో పిల్లకు ఎలా తెలుస్తుంది? కాసేపటికి లేచి, "చెప్పులేస్కో, పోదాం," అంది.

ముగ్గురం చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ దాటి బర్కత్‌పుర దాకా నడిచాం. పిల్ల ముందు నడిచింది. గేటు దగ్గర ప్రభావతి గారు మమ్మల్ని చూసి కంగారుపడింది. "ఏమైంది? ఇచ్చేయడానికి వచ్చారా?"

"లేదు మేడం. గంటసేపు ఆడుకుంటదట," అంది మహేశ్వరి.

ప్రభావతి గారు గేటు తీసింది. పిల్ల పరుగున లోపలికి పోయింది. మహేశ్వరిని లోపలికి వచ్చి కూర్చోమంటే రానంది. ఆ వరండా కుర్చీలో ఇక కూర్చోలేనంది. రోడ్డుకు అవతల, కరెంటు స్తంభం పక్కన, గేటు కనిపించేలా నిలబడింది. నేనూ నిలబడ్డాను. లోపల పిల్లల అరుపులు. ఒకసారి రేణుక నవ్వు విడిగా వినిపించింది.

"ఈడ ఎంత మంచిగ నవ్వుతది చూడుండ్రి," అంది. తర్వాత మెల్లగా, "మల్ల ఇస్తరు గద మేడం?" అని అడిగింది.

"ఇస్తారు. ఉత్తర్వు ఉంది కదా."

"ఉత్తర్వు," అంది మహేశ్వరి. ఆ మాట మీద ఆమెకు పెద్దగా నమ్మకం ఉన్నట్టు లేదు. ఆ గంటసేపూ ఆమె గేటు మీద నుంచి కళ్లు తిప్పలేదు.

పిల్ల వచ్చింది. జడ ఊడిపోయి ఉంది, మోచేతికి మట్టి. రోడ్డు దాటడానికి ఇటూ అటూ చూసి, బండ్లు ఆగక, అక్కడి నుంచే "పోదామా?" అని అరిచింది. ఆంటీ అనలేదు, అమ్మా అనలేదు. మహేశ్వరి రోడ్డు దాటి వెళ్లి ఆ మట్టి చెయ్యి పట్టుకుంది.